641 నుంచి 736 వరకు: సిబిల్ రిపోర్టుతో గడిచిన ఏడు నెలలు

2025 ఫిబ్రవరి 17, సోమవారం ఉదయం తెనాలిలోని ఒక బ్యాంకు శాఖలో ఇంటి రుణం దరఖాస్తు మీద సంతకం చేశాను. నాన్నగారు ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి 25 లక్షలు అడిగాను. జీతం స్లిప్పులు, స్థలం దస్తావేజులు, ప్లాను కాగితాలు అన్నీ వరుసగా కుట్టి ఇచ్చి ఇంకా కుర్చీలోంచి లేవనేలేదు, నా క్రెడిట్ సమాచారాన్ని, అంటే అప్పులు తీసుకుని కట్టిన చరిత్రను, ఆ బ్యాంకు చూసిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. నేను ఇక్కడి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఆరేళ్లుగా జీతం నెలనెలా ఖాతాలో పడుతోంది, బైకు మీద తీసుకున్న అప్పు ఎప్పుడో తీరిపోయింది, ఎవరికీ రూపాయి బాకీ లేనన్న ధీమాతో ఇంటికి వచ్చి మేస్త్రీతో పునాది గురించి మాట్లాడుకున్నాను.

20వ తేదీ గురువారం మేనేజరు గారు పిలిపించారు. ఆయన మర్యాదగానే చెప్పారు. "సార్, మీ సిబిల్ స్కోరు 641 ఉంది. 700 లోపు ఉంటే మా శాఖలో మంజూరు చేయలేము. 700 దాటితే 9.25 శాతం, 750 దాటితే 8.50 శాతం పడుతుంది." ఎందుకు తక్కువ ఉందని అడిగితే, "పాత క్రెడిట్ కార్డు ఒకటి రైటాఫ్ అయినట్టు, అంటే వసూలు కాని బాకీగా బ్యాంకు లెక్కలోంచి తీసేసినట్టు కనిపిస్తోంది, వివరాలు మీరే రిపోర్టు తీసుకుని చూసుకోవాలి" అన్నారు. పక్క కౌంటరులో మా కాలేజీ విద్యార్థి తండ్రి ఒకాయన పాస్‌బుక్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన విన్నారో లేదో ఇప్పటికీ తెలియదు కానీ, ఆ మధ్యాహ్నం తరగతిలో పాఠం చెబుతున్నంతసేపూ ఆ ఆలోచనే మనసులో మెదిలింది. అప్పు ఎగ్గొట్టిన మనిషిగా నా పేరు ఎక్కడో రాసి ఉందనీ, అది నాకు తప్ప ఏ బ్యాంకు తెరిచినా కనిపిస్తోందనీ తెలియడం ఎంత అవమానంగా ఉంటుందో అనుభవిస్తే గానీ అర్థం కాదు.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. 25 లక్షలకు 20 ఏళ్ల కాలానికి 8.50 శాతం వడ్డీ అయితే నెల వాయిదా సుమారు 21,696 రూపాయలు, 9.25 అయితే 22,897 రూపాయలు. నెలకు 1,201 రూపాయల తేడా 240 నెలలకు 2,88,000 దాటుతుంది. మా ఇంటి పైకప్పు స్లాబుకు మేస్త్రీ చెప్పిన ఖర్చులో అది చాలా భాగం.

"పోనీ నా పేరు మీద తీసుకుందాం" అంది నా భార్య. ఆమె కూడా ఉద్యోగం చేస్తోంది. ఆమె స్కోరు చూస్తే మైనస్ ఒకటి అని వచ్చింది. ఆమె ఒక్కసారిగా కంగారు పడింది. మర్నాడు విచారిస్తే, అసలు ఎప్పుడూ అప్పు గానీ కార్డు గానీ తీసుకోని వారికి చరిత్ర లేదు కాబట్టి అలా చూపిస్తారని, అది తప్పు చేసినట్టు కాదని తెలిసింది. అయినా, జన్మలో ఒకరి దగ్గర చేయి చాచని మనిషి పేరు పక్కన మైనస్ గుర్తు చూసి ఆమె నొచ్చుకున్న తీరు నాకు బాధ కలిగించింది.

రిపోర్టు తీసుకోవడం నేను అనుకున్నంత కష్టమేమీ కాలేదు గానీ, మొదటి ప్రయత్నం విఫలమైంది. మన అప్పుల చరిత్రను నమోదు చేసి రిపోర్టు, స్కోరు ఇచ్చే సంస్థలు మన దేశంలో నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం 2017 జనవరి నుంచి అమలులో ఉంది. సిబిల్ వెబ్‌సైటులో పేరు, ఇంటిపేరు అని రెండు గడులు ఉంటాయి. నేను అలవాటు ప్రకారం ఇంటిపేరు గడిలో పొడి అక్షరం ఒక్కటే రాశాను. వివరాలు సరిపోలలేదని వచ్చింది. పాన్ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది కాబట్టి అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసి, పుట్టిన తేదీ, ఫోను నంబరు ఇచ్చి, ఓటీపీ కొడితే పది నిమిషాల్లో రిపోర్టు తెరుచుకుంది. డబ్బు కట్టి తీసుకునే చందాలు కూడా అక్కడ చూపిస్తారు. ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇచ్చే దారిని ఎంచుకుంటే ఒక్క రూపాయీ అవసరం లేదు. నా రిపోర్టు నేను చూసుకుంటే స్కోరు తగ్గుతుందని మా స్టాఫ్ రూములో ఒకరు గట్టిగా చెప్పడం వల్లే ఇన్నేళ్లూ చూడలేదు. అది పూర్తిగా తప్పు. అప్పు అడిగినప్పుడు రుణసంస్థ చూస్తే అది విచారణగా నమోదవుతుంది కానీ, మనం చూసుకుంటే స్కోరుకు ఏమీ కాదు.

అందరూ మాట్లాడేది స్కోరు గురించే. స్కోరు 300 నుంచి 900 లోపు ఉండే ఒక సంఖ్య మాత్రమే, దాన్ని ఎంతసేపు చూసినా ఏమీ తెలియదు. తెలియవలసినదంతా కింది పేజీల్లో ఉంటుంది. శుక్రవారం కాలేజీ నుంచి వచ్చాక రిపోర్టును ప్రింటు తీయించి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర కలంతో మొదటి నుంచి చివరి దాకా చదివాను.

మొదట చిరునామాలు. నేను మరిచిపోయిన దిల్‌సుఖ్‌నగర్ గది నంబరు కూడా అందులో ఉంది. ఆ తరువాత ఖాతాలు. ప్రతి ఖాతా కింద నెలకు ఒకటి చొప్పున మూడేళ్ల గడులు ఉంటాయి. ప్రతి గడిలో మూడంకెల సంఖ్య ఉంటుంది. ఆ నెల చివరకు వాయిదా గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ సంఖ్య చెబుతుంది. సకాలంలో కడితే 000. ఆ నెల సమాచారం రాకపోతే మూడు ఇంటూ గుర్తులు. నా బైకు రుణం ముగిసినట్టు సరిగ్గానే ఉంది. మా అమ్మాయి స్కూలు ఫీజు కోసం పెట్టిన బంగారం రుణం కూడా మూసినట్టే ఉంది. మిగిలిన రెండు ఖాతాల దగ్గర నా కలం ఆగిపోయింది.

మొదటిది ఆ కార్డు. 2018 జూన్‌లో నేను హైదరాబాదులో ఒక కోచింగ్ సంస్థలో పని చేస్తున్నప్పుడు, జీతం ఖాతా ఉన్న బ్యాంకులో ఒక కుర్రవాడు మొదటి ఏడాది ఫీజు లేదని చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. రెండుసార్లు వాడాను, రెండుసార్లూ గడువులోగానే కట్టాను. 2019 ఏప్రిల్‌లో ఉద్యోగం మానేసి తెనాలి వచ్చేస్తూ, కార్డును కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, సిమ్ మార్చుకున్నాను. కార్డు కత్తిరిస్తే ఖాతా మూతపడినట్టేనని మనస్ఫూర్తిగా నమ్మాను. రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా రైటాఫ్ అని, దాని కింద రెండు వరుసలు: రైటాఫ్ చేసిన మొత్తం 9,214, అందులో అసలు 589. నేను ఏమీ కొనలేదు కదా, ఈ 589 ఏమిటో ఆ రాత్రి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

రెండోది నేను తీసుకున్న అప్పు కాదు. 2021 జనవరిలో మా బాబాయి ఒక ఫైనాన్స్ సంస్థలో 2,80,000 రూపాయలు తీసుకుని పాత ట్రాక్టరు కొన్నప్పుడు జామీను సంతకం పెట్టాను. ఆరు నెలలకు ఒక వాయిదా, 38,050 రూపాయలు, జనవరి 15న ఒకటి, జూలై 15న ఒకటి. ఆ ఖాతా నా రిపోర్టులో జామీనుదారు అనే హోదాతో ఉంది. జూలై గడులన్నీ 000. 2023 జనవరిలో 016, ఫిబ్రవరిలో 044, మార్చిలో మళ్లీ 000. 2024లో 016, 045, 000. ఫిబ్రవరికి ఒక రోజు ఎక్కువ వచ్చిన లీపు సంవత్సరం కూడా అందులో నమోదై ఉంది. 2025 జనవరి గడిలో అప్పుడే 016 పడి ఉంది.

చివరి పేజీలో విచారణలు. జనవరి 11, 12, 13 తేదీల్లో నాలుగు సంస్థలు నా రిపోర్టు చూశాయి. నాకు ఎంత రుణం వస్తుందో తెలుసుకుందామని ఒక యాప్‌లో పాన్ నంబరు కొట్టిన రోజులవి. అర్హత చూడటమే అనుకున్నాను కానీ, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అంగీకారం మీద టిక్ పెట్టడంతో నాలుగు చోట్ల అప్పు అడిగినట్టే నమోదైంది. మిగిలిన మూడు సంస్థల రిపోర్టులూ ఉచితంగానే తీసుకుంటే స్కోర్లు 655, 668, 690 అని వచ్చాయి. ఎక్కువ వచ్చినదాంట్లో ట్రాక్టరు రుణం నమోదే కాలేదు. ఒకే మనిషికి నాలుగు స్కోర్లు ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది.

కార్డు బ్యాంకును పట్టుకోవడానికి పది రోజులు పట్టింది. ఫిబ్రవరి 24న కస్టమర్ కేర్‌కు చేస్తే, ముందుగా పదహారంకెల కార్డు నంబరు నొక్కమంటుంది. రిపోర్టులో చివరి అంకెలు తప్ప అన్నీ మూసి ఉంటాయి. గుంటూరులోని వారి శాఖకు వెళితే, కార్డుల విభాగం వేరు, ఇక్కడ చూడలేమని పంపించేశారు. చివరకు వారి వెబ్‌సైటులో ఉన్న, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి చిరునామాకు పాన్ కాపీ, రిపోర్టులో ఆ పేజీ జతచేసి ఈమెయిల్ పంపాను. మార్చి 6న జవాబు వచ్చింది: 11,846 రూపాయలు కట్టవలసి ఉంది. రిపోర్టులో 9,214 ఉంటే ఇది ఎక్కడి నుంచి వచ్చిందని, మొదటి నుంచి ఖాతా వివరాలు పంపమని మళ్లీ రాశాను. ఆ స్టేట్‌మెంటు 12వ తేదీన వచ్చింది.

మొదటి వరుస 2019 జూన్ నాటిది. వార్షిక రుసుము 499, దాని మీద 18 శాతం జీఎస్టీ 89 రూపాయల 82 పైసలు, మొత్తం 588 రూపాయల 82 పైసలు. ఆ కిందంతా ఆలస్య రుసుము, ఆలస్య రుసుము మీద జీఎస్టీ, వడ్డీ, వడ్డీ మీద జీఎస్టీ. పేజీలకు పేజీలు ఇవే వరుసలు. బిల్లులన్నీ దిల్‌సుఖ్‌నగర్ గదికి వెళ్లాయి. ఫోన్లన్నీ ఎవరి చేతికో వెళ్లిన నా పాత నంబరుకు వెళ్లాయి. ఏడాదికి పైగా వాడని కార్డును, కార్డుదారుకు తెలియజేసి, మూసివేసే ప్రక్రియ మొదలుపెట్టాలని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన తెచ్చింది. అప్పటికే నా ఖాతా రైటాఫ్ అయిపోయింది. ఒక్క ఫోను చేసి ఖాతా మూయించుకుని ఉంటే సరిపోయేదని తెలిసినప్పుడు, బ్యాంకు మీద వచ్చిన కోపం కన్నా నా మీద నాకు వచ్చిన కోపమే ఎక్కువ.

14వ తేదీన వసూళ్ల ఏజెంటు ఒకరు ఫోను చేశారు. "5,000 కట్టండి సార్, ఇవాళే సెటిల్ చేసేద్దాం, నా నంబరుకు ఫోన్‌పే చేసినా చాలు." నిజం చెప్పాలంటే మనసు అటే మొగ్గింది. 588 రూపాయల బాకీకి 5,000 కూడా ఎక్కువే అనిపించింది. ముందు తెనాలి మేనేజరు గారిని ఒకసారి అడుగుదామని వెళ్లాను. అది ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని. తగ్గించి కడితే ఖాతా ఎదురుగా సెటిల్డ్ అని పడుతుందని, బాకీ పూర్తిగా తీర్చలేదని దానికి అర్థమని, అలా పడిన దరఖాస్తును వాళ్ల పై అధికారులు చాలా సందేహంగా చూస్తారని ఆయన చెప్పారు. నేను నోడల్ అధికారికి మళ్లీ రాశాను: రైటాఫ్ నాటికి మీరే నమోదు చేసిన 9,214 రూపాయలు పూర్తిగా కడతాను, దాన్ని సెటిల్‌మెంటుగా కాక పూర్తి చెల్లింపుగా నమోదు చేస్తామని ముందుగా లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఆ తరువాత వేసిన 2,632 రూపాయలు వదులుకుంటూ వారు మార్చి 19న ఒప్పుకున్నారు. ఏజెంటు నంబరుకు కాకుండా, వారి లేఖలో ఇచ్చిన ఖాతాకే 21వ తేదీన నెఫ్ట్ ద్వారా కట్టాను. బాకీ లేదన్న ధ్రువపత్రం పన్నెండు రోజులకు, ఏప్రిల్ 2న ఈమెయిల్‌లో వచ్చింది.

ఈ మధ్యలోనే బాబాయి దగ్గరకు వెళ్లాను. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ జామీను పెట్టిన వాళ్లందరికీ ఎదురయ్యేది ఇదే.

మార్చి 2, ఆదివారం. ఆయన ఊరు దుగ్గిరాల పక్కనే. వెళ్లేసరికి కళ్లంలో పసుపు వండుతున్నారు, వండిన కొమ్ములు ఒకపక్క పట్టాల మీద ఆరుతున్నాయి, ఊరంతా అదే వాసన. పిన్ని మజ్జిగ ఇచ్చింది. గంటసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడానే గానీ అసలు సంగతి నోటికి రాలేదు. చివరకు ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివారు. "ఇదేంటి అబ్బాయ్, ఇన్ని సున్నాలున్నాయి కదా, మధ్యలో ఈ 44 ఏంటి?" చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నారు. "జనవరిలో పసుపు భూమిలోనే ఉంటదిరా. తవ్వి, వండి, ఆరబెట్టి, యార్డుకు వేసేసరికి మార్చి అవుద్ది. అమ్మిన రోజే ఆలస్యానికి వడ్డీతో సహా కట్టేస్తన్నా. ఒక్కటీ ఎగ్గొట్టలా."

ఆయన మాటలో అబద్ధం లేదు. దుగ్గిరాల మార్కెట్ యార్డులో పసుపు అమ్మి, డబ్బు చేతికి రాగానే బాకీ తీర్చడం తరతరాలుగా ఆ ఊళ్లో పరువైన పద్ధతి. ఫైనాన్స్ సంస్థ వేసిన వాయిదా తేదీకీ ఆ పంటకూ పొంతన లేదు. సంతకం పెట్టిన రోజు ఆయనా అడగలేదు, నేనూ చూడలేదు. దేశంలో ఎవరు రిపోర్టు తెరిచినా ఆ 044 వెనుక ఆరుతున్న పసుపు కనిపించదు. నా ఇంటి అప్పు ఆగిందని నేను చెప్పలేదు కానీ ఆయన గ్రహించారు. ఆరని పసుపును వచ్చిన ధరకు ఆ వారమే అమ్మేస్తానన్నారు. వద్దని చెప్పి, మర్నాడు మార్చి 3న నేనే 38,050 రూపాయలు, ఆలస్యపు వడ్డీ కట్టాను. ఆయన ఏప్రిల్‌లో పసుపు అమ్మి తిరిగి ఇచ్చారు. నేను రెండు రోజులు ముందు వెళ్లి ఉండవలసింది. ఫిబ్రవరి నెలాఖరు దాటిపోవడంతో ఆ గడిలో 044 అప్పటికే పడిపోయింది. జామీను నుంచి బయటపడవచ్చా అని కూడా విచారించాను. నా బదులు మరొకరు ఉండాలి, ఫైనాన్స్ సంస్థ ఒప్పుకోవాలి. ఇంకా రెండు వాయిదాలే మిగిలి ఉండగా బాబాయిని ఇంకొకరి గడప ఎక్కించడానికి నాకు మనసు రాలేదు. ఆయన వేలి పసుపు మరక పడిన ఆ కాగితం ఇప్పటికీ నా ఫైలులోనే ఉంది.

ఏప్రిల్‌లో మరో పని చేశాను. నా పేరు మీద నడుస్తున్న అప్పేదీ లేదు కాబట్టి కొత్తగా సకాలంలో కట్టే చరిత్ర తయారయ్యే దారి లేదు. జీతం ఖాతా బ్యాంకులో 20,000 రూపాయలు డిపాజిట్ చేసి, దాని హామీ మీద 18,000 పరిమితితో ఒక కార్డు తీసుకున్నాను. కార్డు అన్న మాటకే భయపడుతున్న రోజుల్లో అది నాకు చిన్న నిర్ణయం కాదు. వార్షిక రుసుము లేదని కాగితం మీద చూసుకున్నాకే సంతకం చేశాను. పెట్రోలుకు మాత్రమే, నెలకు 3,000 మించకుండా వాడి, బిల్లు వచ్చిన రోజే మొత్తం కడుతున్నాను. పరిమితిలో మూడో వంతు కూడా దాటకుండా వాడితే మంచిదని మేనేజరు గారి సలహా.

ఇక నిరీక్షణ. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన నియమం ప్రకారం అప్పట్లో రుణసంస్థలు నెలకు రెండుసార్లు, 15వ తేదీనాటికీ నెలాఖరు నాటికీ ఉన్న సమాచారాన్ని పంపవలసి ఉండేది. కనుక ఏప్రిల్ చివరికల్లా నా కార్డు ఖాతా మారుతుందని ఎదురుచూశాను. ఏప్రిల్ గడిచింది, మే 15 కూడా గడిచింది. జీతం ఖాతా యాప్‌లో సిబిల్ స్కోరు ఉచితంగా కనిపిస్తుంది. అందులో 652 దగ్గరే ఉంది, ఖాతా రైటాఫ్‌గానే ఉంది. కట్టిన డబ్బు కట్టినట్టే ఉండగా, బాకీదారు ముద్ర అలాగే ఉండటం నన్ను నిద్రపోనివ్వలేదు. రోజుకు మూడు నాలుగు సార్లు ఆ యాప్ తెరిచేవాణ్ణి.

మే 19, సోమవారం సిబిల్ వెబ్‌సైటులో అభ్యంతరం నమోదు చేశాను. దానికి రిపోర్టు పైభాగంలో ఉండే కంట్రోల్ నంబరు కావాలి కాబట్టి ఆ పేజీని దాచుకోవాలి. ఇక్కడ ఒక విషయం తెలిసింది. ఈ సంస్థ తనంతట తాను ఏదీ దిద్దదు, అభ్యంతరాన్ని బ్యాంకుకు పంపుతుంది, బ్యాంకు ఒప్పుకుంటేనే మారుస్తుంది. అందుకే ధ్రువపత్రం కాపీని అదే రోజు కార్డు బ్యాంకు నోడల్ అధికారికి కూడా పంపాను. ఫిర్యాదు అందిన 30 రోజుల్లోగా తేల్చాలి, అందులో బ్యాంకుకు 21 రోజులు. 30 దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నియమం. 30 రోజులు జూన్ 18కి నిండాయి. కదలిక లేదు. క్రెడిట్ సమాచార సంస్థలు కూడా 2022 సెప్టెంబరు నుంచి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి కాబట్టి, అక్కడికి పంపడానికి తేదీలన్నీ వరుసగా రాసి ఫిర్యాదు సిద్ధం చేసుకున్నాను. ఆ సంగతి బ్యాంకుకూ తెలియజేశాను. జూన్ 23న మార్పు జరిగినట్టు మెసేజ్ వచ్చింది. ఆలస్యం బ్యాంకు నుంచేనని వారే ఒప్పుకున్నారు. ఐదు రోజులకు 500 రూపాయలు జూన్ 30న నా ఖాతాలో పడ్డాయి.

మారిన తరువాత కూడా, నేను ఆశించినట్టు ఉత్త క్లోజ్డ్ అని పడలేదు. రైటాఫ్ తరువాత మూసిన ఖాతా అనే అర్థం వచ్చేలా పోస్ట్ రైటాఫ్ క్లోజ్డ్ అని ఉంది. పాత మచ్చ పూర్తిగా చెరిగిపోదు, బాకీ మాత్రం సున్నా అని కనిపిస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ రోజు అంత నిరాశ పడేవాణ్ణి కాదు.

జూలై 11న బాబాయి నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ట్రాక్టరు వాయిదా రసీదు, గడువుకు నాలుగు రోజుల ముందు కట్టినది. కింద మాట కూడా ఏమీ రాయలేదు. ఆ నెల చివరకు స్కోరు 698 అయింది, ఆగస్టులో 719, సెప్టెంబరు 15న 736. జనవరి నాటి విచారణలు పాతబడటం కూడా కొంత తోడ్పడిందని అనుకుంటున్నాను. వద్దు వద్దనుకుంటూనే మధ్యలో మరో రెండు చోట్ల దరఖాస్తు చేయబోయి ఆగాను, ఆగడమే మంచిదైంది.

సెప్టెంబరు 16న మళ్లీ అదే మేనేజరు గారి ముందు కూర్చున్నాను. 750 లేదు కాబట్టి తక్కువ వడ్డీ రాదనుకునే వెళ్లాను. ఆయన ధ్రువపత్రం, స్టేట్‌మెంటు, పరిహారం పడిన ఎంట్రీ, అన్నీ కలిపి జరిగింది వివరిస్తూ ఒక లేఖ రాసి ఇమ్మన్నారు. రెండు పేజీల లేఖ రాసిచ్చాను. 588 రూపాయల 82 పైసల వరుసను అందులో గీత గీసి చూపించాను. 26వ తేదీ శుక్రవారం మంజూరు లేఖ వచ్చింది. వాళ్ల అతి తక్కువ రేటు కన్నా పావు శాతం ఎక్కువకు ఇచ్చారు. నేను వేసుకున్న ముప్పావు శాతం తేడాలో మూడో వంతుతో బయటపడ్డాను.

ఖర్చు చూసుకుంటే కార్డుకు 9,214, గుంటూరుకు, దుగ్గిరాలకు తిరిగిన పెట్రోలు, ప్రింట్లు, రెండు రోజుల సెలవు. వెనక్కి వచ్చింది 500. ఏడు నెలల్లో సిమెంటు, ఇనుము ధరలు ఎంత మారాయో మేస్త్రీ వేరే లెక్క చెబుతున్నాడు.

నెల వాయిదా తేదీని జీతం పడిన తరువాతి వారానికి, పదో తేదీకి పెట్టించుకున్నాను. ఆ తేదీ అడిగి మార్చుకోవచ్చని ఈసారి ముందే తెలుసు. బాబాయి చివరి వాయిదా 2026 జనవరి 15న ఉంది. అప్పటికి పసుపు భూమిలోనే ఉంటుంది కనుక, ఈ అక్టోబరు నుంచి నెలకు 9,500 చొప్పున ఇద్దరం చెరిసగం వేసి పిన్ని పోస్టాఫీసు ఖాతాలో దాస్తున్నాం. యార్డులో పసుపు అమ్మగానే నా సగం తిరిగి ఇస్తానని ఆయన అన్నారు.